పొయ్యి గూట్లో ఫ్రిజ్

మా చిన్నప్పుడు, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో, నాన్న వంటింట్లోంచి బొగ్గుల పొయ్యి పీకించేసిన రోజు... ఇల్లంతా మసి. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని ఒకటే సణుగుడు.

"పొయ్యి తీసీసి, ఆ సోట్లో ఐసుపెట్టె పెడతావేటిరా?"

నాన్న వినిపించుకోలేదు. గ్యాస్ వచ్చాక ఆ పొయ్యితో ఎలాగూ పని లేదు. పాతకాలపు క్వార్టర్లలో వంటింటి గోడలోనే పొయ్యికి ఒక గూడు ఉండేది... మూడు వైపులా ఇటుక గోడ, పైన పొగగొట్టం. అమ్మ ఒక్కతి నిలబడితే నిండిపోయే వంటిల్లు. సర్కారు వారి గోడ కొట్టడానికి లేదు. ఇక కొత్త ఫ్రిజ్‌కి ఆ గూడు తప్ప వేరే చోటేదీ!

ఫ్రిజ్ కొన్నది మా ఐస్ ముక్కల సరదా కోసం కాదు... అమ్మ నిద్ర కోసం.

నాన్న గూడ్స్ గార్డు. డ్యూటీకి వేళాపాళా ఉండేది కాదు. ఆఫీసు నుంచి ఎప్పుడు కబురొస్తే అప్పుడు అమ్మ పొయ్యి వెలిగించాలి, వండాలి, క్యారేజీ కట్టాలి. అది అయి నడుం వాల్చేలోపు మేం బడి నుంచి వచ్చేసేవాళ్ళం. పాపం, కూర్చున్న చోటే కునుకు తీసేది... బియ్యం ఏరుతూ, నాకు జడ వేస్తూ.

"ఒక్కసారే ఒండి అందులో పెట్టీసుకో. నాకు కబురొస్తే ఏడి చేసి ఇచ్చీడమే. మిగతా టైమంతా హాయిగా పడుకోయే" అన్నారు నాన్న.

అమ్మ ఆ రోజంతా ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది.

ఊళ్ళోనే తోర్వా పేట నుంచి వడ్రంగి వచ్చాడు. నాన్న టేపు పట్టుకుని దగ్గరుండి కొలతలు చెప్పారు. పొగగొట్టానికి చెక్కతో మూత. ఫ్రిజ్‌కి అటూ ఇటూ మిగిలిన సందుల్లో బద్దలు. పైన తలుపుల అలమర, పక్కన పప్పుల డబ్బాలకి ఇంకో అలమర. అన్నిటికీ లేత ఆకుపచ్చ రంగు. ఎక్కడా వేలు దూరే సందు కూడా మిగల్లేదు.

"ఏక్‌దమ్ ఫిట్!" అని మురిసిపోయారు నాన్న. ఎవరొచ్చినా ముందు వంటింట్లోకే తీసుకెళ్ళి చూపించేవారు. మా క్వార్టర్ల వరసలో వాళ్ళంతా మేమూ ఇలాగే చేయించుకుంటాం అన్నారు...

చలికాలం బాగానే గడిచింది. ఎండలు ముదిరాక మొదలైంది అసలు కథ. ఫ్రిజ్ ఆగకుండా గుర్రుమంటూనే ఉండేది. లోపల మాత్రం చల్లదనం లేదు. నాలుగు వైపులా మూసేస్తే దానికి ఊపిరాడదని మాకెవరికి తెలుసు? పొద్దున పెట్టిన పప్పు మధ్యాహ్నానికే పులిసిపోయేది. పాలు విరిగిపోయేవి.

అమ్మ ఆ సంగతి నాన్నకి చెప్పలేదు. కబురు రాగానే, ఎప్పటిలాగే ఆదరాబాదరాగా వండేసేది. నాన్న స్నానం చేసి యూనిఫారం వేసుకునేసరికి క్యారేజీ సిద్ధం. వంటింట్లోంచి "ఏడి చేస్తన్నానండీ" అని కేకేసేది. పాడైన కూర పెరటి గుమ్మం దగ్గరికి వచ్చే ఆవుకి. నాన్నకి మంచినీళ్ళు తనే కుండలోంచి ముంచి ఇచ్చేది.

"నాన్నకి సెప్పకే. అంత ముచ్చటపడి చేయించేరు..." అంది నాతో.

ఆ వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, క్యారేజీ పట్టుకుని వెళ్ళిన నాన్న కాసేపటికే తిరిగొచ్చేశారు. బండి రద్దయిందట. అమ్మ వంటింటి గుమ్మం పక్కన నేల మీదే పడి నిద్రపోతోంది... చేతిలో ఇంకా మసిగుడ్డ. లేపవద్దని నాకు సైగ చేసి, మంచినీళ్ళ కోసం నాన్నే వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీశారు.

రెండు నీళ్ళ సీసాలు, విరిగిన పాల గిన్నె... అంతే. సీసా పట్టుకుని చూశారు. కూర కోసం వెతికారు. మెల్లగా ఫ్రిజ్ పక్క చెక్క మీద చెయ్యి వేసి, చురుక్కుమనగానే తీసేశారు. గ్యాస్ పొయ్యి గట్టు మీద అప్పుడే దించిన మూకుడు కూడా కనబడింది. వచ్చి అమ్మ పక్కనే కింద కూర్చున్నారు.

అమ్మకి మెలకువ వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచే ఇలాగ?"

"ఎండలు కదండీ... అదేటి చేస్తాది."

"మరి నా క్యారేజీలో కూర?"

"ఇప్పుడొండిందే."

"నాకెందుకు సెప్పలేదే?"

అమ్మ చీర కొంగు సర్దుకుంటూ, "వచ్చినోళ్ళందర్నీ పిలిచి మరీ సూపిస్తన్నారు. ఏటని సెప్పమంటారు?" అంది. కోపంగా కాదు... బాగా అలిసిపోయి.

నాన్న లేచారు. స్క్రూడ్రైవర్ తెచ్చుకుని, అంత మురిపెంగా చేయించిన అలమర తలుపులు తనే ఊడదీశారు. బద్దలు పీకేశారు. పక్క క్వార్టరు వాళ్ళని పిలిచి ఫ్రిజ్‌ని ముందుగదిలోకి జరిపించారు. సాయంత్రానికి నీళ్ళు చల్లబడ్డాయి. నాన్న ఆ సీసా తెచ్చి ముందు అమ్మ చేతికే ఇచ్చారు. అమ్మ తాగి, పళ్ళు జివ్వుమన్నాయని నవ్వింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది... ఎందుకో తెలీదు.

పోయిన నెల మా ఇంట్లో వంటగది మార్పించాం. ఫ్రిజ్ చుట్టూ గాలాడటానికి ఎంత జాగా వదలాలో ఫిట్టింగుకి వచ్చినతనే చెప్పి, కొలిచి, వదిలాడు. ఆదివారం పూట ఒక్కదాన్నే నిలబడి వారానికి సరిపడా వండుతాను. డబ్బాలు వరసగా సర్దేస్తాను. ఏదీ పాడవదు. అన్నీ చక్కగా అమరాయని అందరూ మెచ్చుకున్నారు... నేనూ నవ్వి ఊరుకున్నాను. ఓపిక ఉందా అని మాత్రం ఎవరూ అడగలేదు. అలిసిపోతున్నానని నేనూ చెప్పలేదు.

మీ ఇంటికి మొదటి ఫ్రిజ్ ఎప్పుడొచ్చింది? ఎక్కడ పెట్టారు? అది వచ్చాక మీ అమ్మకి మధ్యాహ్నం పూట కాస్త నిద్ర దొరికిందా... గుర్తు చేసుకుని చెప్పండి.