నేను మూయించిన నోరు

ఏడేళ్లయింది ఈ సంగతి కడుపులో పెట్టుకుని తిరగబట్టి. మా ఆయనకి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పే దమ్ము నాకెక్కడిది?

కలకత్తా సాల్ట్ లేక్‌లో ఓ సాఫ్ట్‌వేర్ ఆఫీసు మాది. అక్కడ అందరినీ కలుపుకుపోవడం అనే పిచ్చి ఒకటి ఉంది. ఆడవాళ్లకో గ్రూపు, భాషకో గ్రూపు. గోడల నిండా చేతులు కలుపుకున్న బొమ్మలు. నెలకోసారి సమోసా, కేకు, ఫొటో. ఫొటో అవగానే ఎవరి గుంపు వాళ్లది, ఎవరి టేబులు వాళ్లది. థూ! ఆ తెలుగు గ్రూపుకి పెద్దని నేనే. హైదరాబాదు వాళ్లూ గుంటూరు వాళ్లూ అందరూ నన్ను విజయవాడ పిల్లననుకునేవాళ్లు. నేనే అలా చెప్పుకున్నాను మరి.

విజయవాడలో నేను చూసింది రైల్వే స్టేషనొక్కటే. మాది ఇక్కడే, కలకత్తా ఓడరేవు పక్కనున్న గార్డెన్ రీచ్. తాత శ్రీకాకుళం నుంచి వచ్చి డాకుల్లో చేరాడు, నాన్న కూడా అక్కడే మూటలు మోశాడు. మా ఇళ్లలో 'ఏటి' అంటారు, మాటకో బెంగాలీ ముక్క కలుస్తుంది. బెంగాలీ బళ్లలో చదువుకున్నాం కాబట్టి తెలుగు రాయాల్సొస్తే బెంగాలీ అక్షరాల్లోనే రాసుకుంటాం. ఉద్యోగం వచ్చాక నేను దొంగచాటుగా తెలుగు అక్షరాలు దిద్దాను, టీవీ ముందు కూర్చుని మాట మార్చుకున్నాను. ఎవరైనా మార్చుకోమన్నారా? లేదే. నా నీలుగుడే నన్ను ఆడించింది.

అప్పుడొచ్చింది ఆ పిల్ల. పేరు మారుస్తున్నాను, పైడి అనుకోండి. ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. రెండు భాషలూ గలగలా మాట్లాడుతుందని ఉగాది ప్రోగ్రాంకి మైకు ఆమెకే ఇమ్మన్నాడు మా బెంగాలీ డైరెక్టరు. ఆయన మెచ్చుకుంటే ఉద్యోగం ఖాయమైనట్టే.

ఓ రోజు లిఫ్టు దగ్గర నన్ను పట్టుకుంది. "మీరు మన సింహాచలం బాబయ్య కూతురు కదేటి?"

చుట్టూ చూశాను. నయం, ఎవరూ లేరు. "ఎవరాయన? మాది విజయవాడ" అన్నాను.

కన్నతండ్రిని పట్టుకుని ఎవరాయన అన్నాను. నాలుక తడబడనైనా లేదు.

"దాపరికమేటి అక్కా? మీ నాయినా మా నాయినా ఒక్క గేంగులో మోసినోలే. స్టేజీ మీద సెప్తాను సూడండి. మన డాకోల పిల్ల ఇంత పెద్దదయ్యిందని అందరికీ తెలవాల!" అని పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

పాపం, నన్ను పొగుడుదామనే దాని సంబరం. నాకు మాత్రం నా గుట్టు బయటపడుతుందనే భయం. ఏం పోతుంది చెబితే? మూటలు మోసినవాడి కూతురినని తెలిస్తే ఆ సమోసాల మంద నన్నేం చేస్తుంది? అప్పుడు ఈ ప్రశ్న వేసుకోలేదు. వేసుకునే బుద్ధే ఉంటే ఇదంతా ఎందుకు?

ఉగాది నాడు స్టేజీ ఎక్కబోతుంటే ఆపాను. దాని చేతిలో బెంగాలీ అక్షరాల కాగితం ఉంది. అది చూస్తే నవ్వుతారని చెప్పి లాక్కుని, తెలుగులో టైపు చేయించినది పెట్టాను. దానికి తెలుగు అక్షరాలు రావని నాకు తెలుసు. ఏదో చెప్పబోయింది. వీపు మీద చెయ్యేసి ముందుకు తోశాను. చూసినవాళ్లు ధైర్యం చెప్పాననుకునుంటారు.

కాగితం వంక చూసింది. జనం వంక చూసింది. "అందరికీ దండాలు" అని ఆగిపోయింది. "ఏటైంది?" అని ముందు వరసలో ఎవడో వెక్కిరించాడు, హాలంతా గొల్లుమంది. దిగిపోయింది. నేను మైకందుకుని విజయవాడ తెలుగులో దంచాను. చప్పట్లే చప్పట్లు.

అక్కడితో ఆగానా? పైడి ఎలాంటిదని పైవాళ్లు అడిగితే, "సొంత భాషవాళ్లతోనే కలవలేకపోయిందండీ" అన్నాను. పర్మినెంటు చెయ్యలేదు. వెళ్లిపోతూ నా సీటు ముందు నుంచే నడిచింది. ఒక్క మాట చాలు నన్ను బజారున పెట్టడానికి. అనలేదు. నా మీద జాలా? ఛ, నాకంత విలువెందుకిస్తుంది? కూతురు కాదనుకుందని సింహాచలం బాబయ్యకి తెలియకూడదనుకునుంటుంది.

ఆ ఏడాది అందరినీ కలుపుకుపోయినందుకు బహుమతి నాకే ఇచ్చారు. సిగ్గులేకుండా పుచ్చుకున్నాను. పైగా గార్డెన్ రీచ్ తీసుకెళ్లి నాన్నకి చూపించాను. ఆయన చేతులు తుడుచుకుని మరీ పట్టుకున్నాడు.

"మనోల్నందర్నీ ఒక్కకాడికి సేర్సినావేటమ్మా?" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఊఁ అన్నాను. ఇన్నేళ్లూ ఆ ఊఁ మీదే బతుకుతున్నాను. ఆయన మొహం చూసి చెప్పలేని జవాబు, మీకు చెబుతున్నాను.

నేదు నాయినా. మనోల పిల్ల ఒక్కతే ఒచ్చింది. దాన్ని నానే గెంటీసినాను.