అంచు పోగుల లెక్క

తొంభైల్లో కరీంనగర్‌లో టీచర్లమైన మాకు ట్రైనింగ్ పెట్టారు. బడులు బాగా నడిచే దేశాల్లో పిల్లలకు పుస్తకంతో పాటు పనిచేసే చోటు కూడా చూపిస్తారట, అందుకే వాళ్లు రేపటి ఉద్యోగాలకు తయారవుతారట. చెప్పేవాడు ఎంత సంబరంగా చెప్పాడో! వెనక బెంచీలో నేను పకపకా నవ్వాను. అందరూ తిరిగి చూశారు. చూస్తే చూడనీ. మా లెక్కల సారు ఆ పని డెబ్భైల్లోనే చేశారు, ఏ దేశమూ చూడకుండా.

నెలకో శనివారం మమ్మల్ని వరసలో నిలబెట్టి ఊళ్లోకి తీసుకుపోయేవారు. ఒకసారి పోస్టాఫీసు, ఒకసారి కట్టెలు కోసే మిషను. అక్కడి పని మీదే లెక్క ఇచ్చి, అక్కడే చేయించేవారు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా బాపు నేసే మగ్గాల షెడ్డు వంతు వచ్చింది.

నాకు భయం పట్టుకుంది. ఆ ఎండాకాలంతో నా చదువు బంద్ అని బాపు అప్పటికే తేల్చేశాడు. "దారం కండెలు చుట్టుడు వచ్చింది. ఇంకేం గావాలె? బళ్లె కూసుంటే ఏమొస్తది?" అన్నాడు. అవ్వ, అంటే మా అమ్మ, రెండు రోజులు అలిగినా వినలేదు. ఇప్పుడు క్లాసంతా పోయి ఆయన పని చెడగొడితే ఇంకేముంది, కొంప మునిగినట్టే.

షెడ్డులో చప్పుడుకు చెవులు చిల్లులు పడ్డాయి. సారు గోడ మీద సుద్దతో రాశారు. అంగుళానికి ఇన్ని పోగులు, బట్ట వెడల్పు ఇంత, నిలువు పోగులు మొత్తం ఎన్ని? అందరం గుణించాం. అందరికీ ఒకటే జవాబు. సారు మురిసిపోయి దాని కింద గీత గీశారు.

బాపు మగ్గం ఆపాడు. దారం తెగితే తప్ప ఆయన మగ్గం ఆపడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎన్నొచ్చినయి సారు?" అని అడిగాడు. సారు చెప్పారు.

"గన్నే పెడితే అంచులు పిగిలిపోతయి. అంచుల కాడ పోగులు జంటలు జంటలు పడాలె."

నాకు తల కొట్టేసినట్టయింది. అందరి ముందు సారుదే తప్పంటాడా! బాపు నా వైపు తిరిగాడు. మగ్గానికి పోగులు ఎక్కించేటప్పుడు ఆయనకు ఒక్కొక్కటి అందించేది నేనే మరి.

"నీకెర్కనే గద బిడ్డా, ఎందుకు చెప్పలే?"

"సారు రాసిండు గద బాపూ."

సారు గోడ మీది జవాబు అరచేత్తో తుడిచేశారు. "అన్నా, తప్పు నాదే. నాకు తెల్వది. జర మొదటికెల్లి చెప్పు, రాసుకుంటం" అని, మా మధ్యే నేల మీద కూర్చుని నోటుబుక్కు ఒళ్లో పెట్టుకున్నారు. బాపు ముందు సిగ్గుతో మెలికలు తిరిగాడు. తర్వాత ఆగితేనా! పోగులు పట్టి చూపిస్తూ అరగంట చెప్పాడు. ఎంత ముద్దొచ్చాడో నా తండ్రి.

సాయంత్రం బాపు ఇంటికి వచ్చాడు. గడప దగ్గర చెప్పులు విడుస్తూ అన్నాడు:

"తప్పయితే తప్పని ఒప్పుకున్నడు సారు. ఆయన కాడ పదో తరగతి దాంక చదువు. గని తెలిసి గూడ నోరు మూసుకుంటివో, మళ్ల కండెల కాడ కూసోవెడ్త."

సోమవారం లెక్కల పీరియడ్‌లో సారు బోర్డు మీద లెక్క చేస్తూ ఒక మెట్టు వదిలేశారు. నా చెయ్యి లేచింది. సారు చూసేదాకా దించలేదు.