నేను మైకులో పట్టించిన హంతకులు

పోలీసుల సాయం లేకుండా పది నిమిషాల్లో ఇద్దరు హంతకులను పట్టించి, మెచ్చుకోలుకు బదులు హాలు నిండా తిట్లు తిన్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే. అప్పటికి నాకు ఇరవైమూడేళ్ళు. బుద్ధి మాత్రం ఇంకా దారిలో ఉంది.

ఆ రోజుల్లో రోజూ రైల్లో మాలూరు వెళ్ళి, అక్కడ ఒక ఫ్యాక్టరీలో చెకింగ్ పని చేసేదాన్ని. ఆదివారం వస్తే మా కేజీఎఫ్ లైబ్రరీలోనే మకాం. అక్కడ కన్నడ, తమిళం, ఇంగ్లీషు పుస్తకాల మధ్య తెలుగుకు ఒకే ఒక్క బీరువా. నేను దాని ముందు నిలబడి, వచ్చినవాళ్ళందరికీ "ఇది చదవండి, అది చదవండి" అని అంటగట్టేదాన్ని. పెళ్ళిళ్ళ పేరయ్య కూడా సంబంధాలు అంత పట్టుదలగా అంటగట్టడు.

నా ఉత్సాహం చూసి లైబ్రేరియన్ నాగరత్నమ్మ మేడం ఒకరోజు పిలిచారు.

"వచ్చే ఆదివారం 'నాకు నచ్చిన పుస్తకం' అని ఫంక్షన్ పెడతా ఉండామమ్మా. ఒక్కొక్కరు ఐదు నిమిషాలు మాట్లాడాల. తెలుగు తరపున నువ్వే."

"నేనా మేడం? మైకులోనా?"

"మైకులోనే. నువ్వు చెప్పినాక జనం ఆ బుక్కు కోసం కొట్లాడాల, అట్లా చెప్పు."

వారమంతా అద్దం ముందు ప్రాక్టీసు. చేతులు ఊపడం, గొంతు తగ్గించడం, చటుక్కున పెంచడం. మా అమ్మ, "ఇంగ చాలు రామ్మా, సంగటి చల్లారిపోతా ఉండాది" అని పిలుస్తుంటే, "ఆగమ్మా, ఇప్పుడే శవం దొరికింది!" అనేదాన్ని.

ఆదివారం వచ్చింది. హాలు నిండిపోయింది. ముందు వరుసలో మా ఊళ్ళోనే కోరమండల్ వైపు ఉండే దేవదానం తాత కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. ఈమధ్యే కంటి పొర తీయించుకొని, కొత్త కళ్ళద్దాలు పెట్టుకొని, చాలా రోజుల తరువాత లైబ్రరీకి వచ్చారు. ఆయన్ని చూడగానే నాకు ఎక్కడలేని హుషారు వచ్చేసింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా మైకు పట్టినవాళ్ళు ఆపడం ఎరగరు. "కొండమీద బంగళా! కుండపోత వాన! మంచం మీద జమీందారు శవం!" అని మొదలుపెట్టాను. జనం ముందుకు వంగారు. నేను ఇంకా రెచ్చిపోయాను.

"రోజూ వచ్చి జమీందారుకు సూదిమందు వేసి, పాపం, గొడుగు కూడా లేకుండా వానలో నడిచిపోయే ఆ కంపౌండరే హంతకుడని మీరు కలలో కూడా అనుకోరు!"

చప్పట్ల కోసం ఆగాను. రాలేదు. దేవదానం తాత మెల్లగా లేచారు.

"ఏమంటివమ్మా?"

పాపం, పెద్దాయనకు వినపడలేదు కాబోలనుకున్నాను. నా మంచితనం చూడండి, మైకు ఇంకా దగ్గరికి లాక్కొని మరీ చెప్పాను. "కంపౌండరు, తాతా! కంపౌండరే చంపినాడు!"

"అయ్యో దేవుడా! సగం చదివినాకే గదమ్మా నా కండ్లు మసకబారి పోయినాయి! కంటికి కట్టు కట్టుకొని పండుకున్నా ఎవడు చంపినాడు, ఎవడు చంపినాడు అని ఒకటే ఆలోచన. ఈ పొద్దు ఆ బుక్కు కోసమే ఆటో చేసుకొని వచ్చినాను. నువ్వు మైకులో చెప్పేస్తివే!"

అడుసు తొక్కినవాళ్ళు కాలు కడుక్కుంటారు. నేను రెండో కాలు కూడా పెట్టాను.

"లేదు తాతా, పొరపాటున చెప్పినాను! ఇందులో కంపౌండరు కాదు, వంటమనిషి..." అని నాలుక కరుచుకొని, "అయ్యో, వంటమనిషి చంపింది దీంట్లో కాదు, పెళ్ళింట్లో నగలు పోతాయే, ఆ బుక్కులో!" అన్నాను.

వెనక వరుసలో టైలరు రాజేశ్వరక్క చివ్వున లేచింది. "ఆ బుక్కు నా బ్యాగులో ఉండాదమ్మా! వంటమనిషి మంచిదని నిన్ననే ఏడ్చినాను నేను!"

హాలంతా ఒకటే గలాటా. నా తరువాత మాట్లాడాల్సిన కన్నడ మాస్టారు తన నవలను గబుక్కున చొక్కా కింద దాచుకున్నారు. "ముందు ఆ మైకు ఆపండప్పా!" అని నాగరత్నమ్మ మేడం పరిగెత్తుకొచ్చారు.

జనం పలచబడ్డాక దేవదానం తాత దగ్గరికి వెళ్ళాను. "వేరే బుక్కు ఇస్తాను తాతా" అన్నాను.

"వద్దులేమ్మా. సగంలో ఇడిసిపెడితే బేజారు. ఎవడో తెలిసిపోయె, ఎట్లా చంపినాడో అన్నా చూస్తా" అని ఆ నవలే తీసుకొని వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. ఆ వారమంతా నేను అద్దం వైపు కూడా చూడలేదు.

మరుసటి ఆదివారం తలుపు దగ్గర ఆయన గొంతు వినిపించింది. "యాడమ్మా ఆ మైకు పాప?"

బీరువా వెనక నుంచి చేతులు కట్టుకొని బయటికొచ్చాను.

"నిజం చెప్పు. ఆ బుక్కు ఆఖరుదాకా చదివినావా?"

"చదివినాను తాతా. అంటే... కంపౌండరు 'నేనే చంపినాను' అని పోలీసుల కాళ్ళమీద పడేదాకా. అంతలో రైలు కోరమండల్ స్టేషన్‌కు వచ్చేసె, దిగిపోయినాను. ఇంగ పద్నాలుగు పేజీలే. ఒప్పుకున్నాక ఏముంటుందిలే అని..."

ఆయన పగలబడి నవ్వారు. "వాడు చంపలేదమ్మా! వేరేవాళ్ళను కాపాడేదానికి అబద్ధం చెప్పినాడు! నీ మాట నమ్మి నేను నింపాదిగా చదువుకుంటా ఉంటే, ఆఖరు పేజీలో కుర్చీలోనుంచి ఎగిరి పడినాను. నా జన్మలో ఏ బుక్కూ ఇంత మజా ఇయ్యలేదు!"

నా ప్రాణం లేచొచ్చింది. వెంటనే దురద కూడా లేచింది. "అయితే ఎవరు తాతా చంపింది?"

తాత అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగారు.

"చెప్పను. బుక్కు ఇప్పుడే రాజేశ్వరికి ఇప్పించినాను. ఆమె వెనక ఇంగా పదిమంది పేర్లు రాయించినారు. నీది పన్నెండో నంబరు."

కాబట్టి పాఠకులారా, నాగరత్నమ్మ మేడం రిజిస్టరు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఆఖరి పేజీ తిప్పనిదే ఏ పుస్తకం గురించీ మైకు పట్టను. తిప్పాక, పీకమీద కత్తి పెట్టినా హంతకుడి పేరు చెప్పను. నా నంబరు ఎప్పుడో వచ్చింది, చదివేశాను, నేనూ ఎగిరిపడ్డాను. ఎవరా అని మీరు నోరు తెరవకముందే చెప్తున్నాను: వెళ్ళి పేరు రాయించుకోండి.