అగ్గిపెట్టె ఏ పద్దు?

జడ్చర్ల దగ్గర మా ఫౌండ్రీలో మోటారు పంపులకు ఇనుప బాడీలు పోతపోస్తారు. నేను లెక్కలు రాస్తాను. కొత్తగా మోడ్‌వాట్ అని ఒకటి వచ్చింది. నాకు అర్థమైనంత వరకు, తయారీకి కొన్న ముడిసరుకు మీద అప్పటికే కట్టిన సుంకాన్ని, మన సరుకు మీద కట్టాల్సిన సుంకంలో తగ్గించుకోవచ్చు. ఏవేవి తగ్గుతాయో రేపు ఆఫీసరుకు చూపించాలని మా ఖాదర్ సేఠ్ చెప్పారు.

ఈ రోజు పొద్దున ఇనుప దిమ్మలు, బొగ్గు అని రాసుకుంటుంటే, బట్టీ ముట్టించే యాదయ్య అగ్గిపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు.

“దీని మీద గూడ సర్కారు పన్ను చీటీ ఉంది సారూ. గిది రాయలే?”

“అది నువ్వు దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించేదే కదా. పూజ తయారీ కిందికి రాదు.”

“గా కర్పూరం మంటతోనే గద సారూ బట్టీ అంటువెట్టేది. దానికి ఏరే పుల్ల గియ్య.”

నిజమే, రోజూ చూస్తున్నదే. అగ్గిపెట్టె రాశాను. అయితే కర్పూరం కూడా రాయాలేమో అనిపించి, అగ్గిపెట్టె కొట్టేశాను. మళ్ళీ రాశాను. సేఠ్‌ను అడిగితే, “పూజ సంగతి నన్నడుగుతున్నరా మున్షీ సాబ్?” అని చాయ్ తాగడానికి వెళ్ళిపోయారు.

తేలక ఆ పెట్టెను జేబులో వేసుకొని ఇంటికొచ్చాను. ఇందాక మా ఆవిడ దాంతోనే కిరోసిన్ స్టవ్ ముట్టించి అన్నం వండింది. రేపు ఆఫీసరు వచ్చేలోగా తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, ఇప్పుడది ఏ పద్దు?