సుభద్ర ఆంటీని చూడటానికొచ్చారు

నిన్న పొద్దున్న ఆఫీసుకి బయల్దేరుతుంటే ఒట్టావా పక్కనున్న కనాటా నుంచి గ్రేస్ ఫోన్.

సుభద్ర ఆంటీ పోయారు.

కారు తాళం చేతిలో అలాగే ఉండిపోయింది. పోయిన ఆదివారమే కదా నేనుండే ఓక్‌విల్ నుంచి వెళ్ళి చూసొచ్చాను! నాతో జోక్ కూడా వేశారు.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "పక్కన ఎవరున్నారు?"

గ్రేస్ పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూనే ఉంది.

నేను మెట్ల మీద కూర్చుని "హమ్మయ్య" అన్నాను.

చావు కబురు విని హమ్మయ్య అనడమేంటని తిట్టుకోకండి. ఎందుకన్నానో చెబుతాను.

ఆంటీ మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఏలూరు నుంచి లూసియానా వెళ్ళి పీహెచ్‌డీ చేసి, అక్కణ్ణుంచి ఒట్టావా వచ్చి, సోషియాలజీ ప్రొఫెసర్‌గా రిటైరయ్యారు. అంకుల్ పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు.

మనమంతా స్టడీ పర్మిట్లు పట్టుకుని ఒకరి వెనక ఒకరు దిగిన రోజులు గుర్తున్నాయా? ఏ బేస్‌మెంట్ చూసినా నేల కనపడకుండా పరుపులే. పార్ట్‌టైమ్ జాబ్ అంటే చాలు, చలిలో క్యూలు. అప్పుడు ఆంటీ తన బేస్‌మెంట్ మాకిచ్చారు. నన్ను రీసెర్చ్ అసిస్టెంట్‌గా కూడా పెట్టుకున్నారు.

రిటైరైనా ఆవిడకి ఒక రీసెర్చ్ పని మిగిలిపోయింది. లూసియానాలో ఉండే కేజన్ కుటుంబాలు, ఉగాండా నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడిన కుటుంబాలు. ఇద్దరిలో ఎవరు బాగున్నారు? ఎందులో బాగున్నారు? కేజన్లంటే ఒకప్పుడు ఈ కెనడా తూర్పు తీరం నుంచి తరిమేస్తే లూసియానా చేరిన ఫ్రెంచ్‌వాళ్ళ సంతతి. గ్రేస్‌ది కంపాలా. ఇంటర్వ్యూ ఇవ్వడానికొచ్చి ఆంటీకి ఫ్రెండ్ అయిపోయింది.

ఇల్లు, ఉద్యోగం, చదువు, డాక్టరు, అందరూ అడిగేవన్నీ మేమూ అడిగేవాళ్ళం. వాటితోపాటు ఆంటీ సొంత ప్రశ్న ఒకటి ఉండేది.

మొదటి రోజు దాన్ని నా మీదే ప్రయోగించారు. టీ ఇచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "నిన్ను చూడటానికి ఎవరొస్తారమ్మా?" అన్నారు.

ఇంటి దగ్గర మా అమ్మ సంబంధాల గోల అప్పటికే భరించలేకపోతున్నాను. "నాకప్పుడే పెళ్ళొద్దు ఆంటీ, ఇంకా ఫస్ట్ సెమిస్టరే!" అనేశాను.

ఆవిడ కప్పు కింద పెట్టి, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "పిచ్చిపిల్లా, జ్వరమొస్తే చూడటానికి ఎవరొస్తారని అడుగుతున్నానే. పెళ్ళికొడుకులు కాదు!"

గ్రేస్‌కి చెబితే ఇంకా నవ్వింది. వాళ్ళ లుగాండా భాషలో "కుక్యాలా" అన్నా అంతేనట. ఊరికే చూడటానికి వెళ్ళినా అదే మాట, పెళ్ళికొడుకు మొదటిసారి అమ్మాయి మేనత్త ఇంటికి వచ్చినా అదే మాట. లూసియానా నుంచి వీడియోలో మాట్లాడే సెసీల్ అనే పెద్దావిడ తమ మాట చెప్పింది. "వేయే". సాయంత్రాలు పక్కింటికెళ్ళి ఊరికే కూర్చోవడం. తన మొగుణ్ణి మొదట చూసింది అలాంటి సాయంత్రమేనట.

ఇంతకీ ఎవరు బాగున్నట్టు? గ్రేస్ వాళ్ళేనని నాకనిపించింది. రెండేసి ఉద్యోగాలు, అద్దె ఇళ్ళు, అయినా ఒకరు పడకేస్తే ఇంటినిండా మనుషులు, గిన్నెలు. మేం మాట్లాడిన కేజన్ పెద్దవాళ్ళకి సొంతిల్లు, చుట్టూ స్థలం. పిల్లలు మాత్రం ఆయిల్ ఉద్యోగాలకి హ్యూస్టన్ వెళ్ళిపోయారు. ఆంటీ ప్రశ్న అడిగితే వాళ్ళు గోడ మీది పిల్లల ఫొటోలు చూపించేవాళ్ళు.

అదే రాసి చూపిస్తే ఆంటీకి కోపమొచ్చింది. "మనుషులొచ్చినంత మాత్రాన జ్వరం తగ్గదే. ఆ రెండు ఉద్యోగాల్లో సిక్ లీవ్ దేనికుందో అడిగావా? పేదరికాన్ని ముద్దు చేయకు."

ఆవిడ తిట్టిన తిట్లలో నాకిష్టమైంది అదే.

ఒకరోజు ప్రాక్టీస్ అంటూ నేనే ఆవిణ్ణి ఇంటర్వ్యూ చేశాను. ఇల్లు సొంతం. పెన్షన్ ఉంది. ఆరోగ్యం ఫర్వాలేదు.

"మిమ్మల్ని చూడటానికి ఎవరొస్తారు ఆంటీ?"

కిటికీలోంచి బయటికి చూశారు.

"నెక్స్ట్ క్వశ్చన్."

ఆ మాట నన్ను వదల్లేదు. ఉద్యోగమొచ్చి ఓక్‌విల్ మారాక, ఫోన్లో ఆవిడ గొంతు కాస్త నీరసంగా వినిపిస్తే చాలు, వెంటనే గ్రేస్‌కి ఫోన్ చేసేదాన్ని. ఆ ఇంట్లో ఒక్కరే ఉండగా పోతారేమోనని చాలా భయపడ్డాను.

ఈ చలికాలం మంచం పట్టారు. హాస్పిటల్ వద్దు, ఇంట్లోనే ఉంటానన్నారు. బేస్‌మెంట్ బ్యాచ్ అంతా కలిసి వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నాం. పేరు "ఆంటీ పెళ్ళిచూపులు". ఆ పేరు ఎవరు పెట్టారో నాకు తెలుసు, చెప్పను.

ఆదివారం నేను వెళ్ళేసరికి గుమ్మంలో కాలు పెట్టే చోటు లేదు, అన్నీ స్నో బూట్లే. రిచ్‌మండ్ హిల్ నుంచి నాలుగు గంటలు డ్రైవ్ చేసుకొచ్చినవాళ్ళున్నారు. పర్మిట్ ఏమవుతుందో తెలియక సతమతమవుతూ కూడా వచ్చినవాళ్ళున్నారు. వంటింట్లో ఒక పొయ్యి మీద గ్రేస్ అరటికాయలు, ఇంకో పొయ్యి మీద మనవాళ్ళ మిరియాల చారు. మంచం పక్కన ఐప్యాడ్‌లో సెసీల్, ఏమీ మాట్లాడకుండా స్వెటర్ అల్లుకుంటూ కూర్చుంది. అంత దూరం నుంచి వేయేకి వచ్చింది మహాతల్లి.

ఆంటీ నన్ను దగ్గరికి పిలిచారు. "ఇంతమందేంటే?"

"మిమ్మల్ని చూడటానికొచ్చారు ఆంటీ."

గదంతా ఒకసారి చూశారు. ఒక్కొక్కరినీ చూశారు.

"మరి నచ్చానేమో కనుక్కో."

నేను కనుక్కునేలోపే నిద్రపోయారు.

నిన్న కూడా నిద్రలోనే వెళ్ళిపోయారట. నొప్పి లేదు. చెయ్యి గ్రేస్ చేతిలో ఉంది. గదిలో కూర్చోడానికి కుర్చీలు చాల్లేదట.

ఏడుపు తర్వాత వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది. ముందొచ్చింది మాత్రం హమ్మయ్యే.

కనుక్కున్నాను ఆంటీ.

అందరికీ నచ్చారు.

ఇక నిశ్చింతగా పడుకోండి.