ఒకే బుట్టలో బొగ్గూ సున్నమూ

నా చిన్నప్పుడు మా నాన్న అరకు వెళ్లే రైలు మార్గంలో ఒక చిన్న స్టేషన్‌లో పనిచేసేవారు. కొండ పక్కన వరసగా ఆరు క్వార్టర్లు, వాటి వెనక కాఫీ తోట. ఆడుకోవడానికి ఆ క్వార్టర్లలో నా ఈడు పిల్లలు లేరని నాన్న ఒకసారి విజయనగరం నుంచి రెండు ఆడ కుందేలు పిల్లల్ని తెచ్చారు. నల్లదానికి బొగ్గు అనీ తెల్లదానికి సున్నం అనీ పేర్లు పెట్టాను. రెండూ ఒకే గోనె మీద, ఒకదాని మెడ మీద ఒకటి తల వాల్చి నిద్రపోయేవి.

నాలుగైదు నెలలకు వాటి వరస మారింది. బొగ్గు సున్నాన్ని పెరడంతా తరిమేది, వీపు మీదికెక్కేది, నోటితో బొచ్చు పీకేది. సున్నం ఒదిగి ఊరుకునేది. నాకు మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. మా క్వార్టర్లలో ఏ కోడైనా తోటి కోళ్లను పొడిస్తే దాన్ని రెండు రోజులు గంప కింద మూసేవారు. బయటికొచ్చాక అది బుద్ధిగా ఉండేది. నేనూ అదే న్యాయం అమలు చేశాను. బొగ్గును మూడు రోజులు గంప కింద పెట్టి, సున్నాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ముల్లంగి ఆకులు తినిపించాను.

నాలుగో రోజు గంప ఎత్తాను. రెండూ ఒకదాన్నొకటి వాసన చూసుకుని, గుండ్రంగా తిరుగుతూ కలబడ్డాయి. అమ్మ చీపురు అడ్డం పెట్టి విడదీసేసరికి సున్నం చెవి చిరిగి నెత్తురు కారుతోంది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి చూసి, ఇవి ఇక కలిసి బతకవనీ, వచ్చే అరకు సంతలో టీకొట్టు ఆయనకు బొగ్గును ఇచ్చేస్తాననీ అన్నారు. ఆయన పిల్లలు ఎప్పట్నుంచో కుందేలు కావాలంటున్నారట. సంతకు వారం ఉంది. నేను అన్నం మానేశాను.

పక్క క్వార్టర్‌లో ఒక మామ్మ ఉండేది. హుకుంపేట వైపు కొండ ఊరు ఆమెది. కొడుకు పట్టాల పనిలో ఉండేవాడు. నా ఏడుపు విని గోడ దాటి వచ్చింది.

"ఏటి సేసినావే గుంటా?"

గంప సంగతి చెప్పాను. మామ్మ నవ్వాపుకోలేక గట్టు మీద కూలబడింది.

"కోడికి గంప మందే. కుందేలుకి కాదు. వోసన మర్సిపోతే అక్కాసెల్లెల్లు కూడా పరాయోల్లే ఆటికి. ఎవులు పెద్దో అవే తేల్సుకుంతన్నాయి. నువ్వు మద్దెలోకెల్లి తీర్పు సెప్పీసినావు."

"బొగ్గు కొరికేది కదా మామ్మా?"

"అప్పుడు రగతం వొచ్చిందేటి?"

రాలేదు. నాలుగు వెంట్రుకలు ఊడాయి, అంతే.

"మా ఇంటికాడ ముగ్గురు తోటికోడల్లం. నానెల్లిన కొత్తలో పెద్దామె నాసేత నీల్లు మోయించీది. మోసీదాన్ని. మా అత్త నా తరపున మాటాడింది సూడు, ఇంక రెండేల్లు పెద్దామె నాతో పలకనేదు."

సున్నం చెవికి పసుపు రాసింది. మధ్యలో వెదురు తడక పెట్టి కుందేళ్లను చెరోవైపు ఉంచింది. దీని గోనె దానికీ దాని గోనె దీనికీ రోజూ మార్చమంది. బడి నుంచి రాగానే నాకు అదే పని. మొదట్లో తడకను పళ్లతో పీకేవి. ఐదో రోజుకి అటొకటి ఇటొకటి తడకకు ఆనుకుని పడుకున్నాయి.

సంత రోజు మామ్మ అరటిపండు ముక్క నలిపి రెండింటి నుదుటా బొట్టులా పెట్టి, రెండింటినీ ఒకే బుట్టలో కూర్చోబెట్టింది. నాన్న కంగారు పడ్డారు. "టీకొట్టోడికి ఇచ్చీదేదో నానే ఇచ్చెత్తాను బాబూ" అని మామ్మ బుట్ట మీద తువ్వాలు కప్పి నన్ను రైలెక్కించింది.

ఆ దారిలో సొరంగాలున్నాయి. రైలు చీకట్లోకి దూరగానే పెట్టెలో వాళ్లంతా ఓ అని కేకలు పెడతారు. మొదటి సొరంగంలో నేను నోరు తెరవలేదు. ఒళ్లో బుట్టలోంచి గోళ్ల చప్పుడు వస్తోంది. రెండో దాంట్లో ఆ చప్పుడు ఆగిపోయింది. వెలుగు రాగానే భయపడుతూ తువ్వాలు ఎత్తాను. రెండూ ఒకే మూల నక్కి, ఒకదాని పొట్ట కింద ఒకటి దూరి ఉన్నాయి.

"సీకటి, సప్పుడు, తెలీని సోటు. ఇక్కడ ఆటికి తెలిసినోల్లెవులు? ఆ రెండే" అంది మామ్మ.

కాసేపటికి బొగ్గు తల బాగా వంచి సున్నం గడ్డం కిందికి తోసింది. తప్పు ఒప్పుకుంటోంది అన్నాను నేను.

"తప్పా పాడా. నా నెత్తి నాకవే అని ఆర్డరేత్తంది."

సున్నం కాస్త ఆలోచించి, ఆ అరటిపండు బొట్టు నాకడం మొదలుపెట్టింది. బొట్టు అయిపోయాక కూడా నాకుతూనే ఉంది. తర్వాతి సొరంగంలో అందరికంటే గట్టిగా కేక పెట్టింది నేనే.

సంతలో టీకొట్టు ఆయన సంచితో సహా వచ్చాడు. మామ్మ బుట్ట తెరిచి చూపించింది. "అట్టుకెల్తే రెండూ అట్టుకెల్లు. ఒకదాన్ని ఇడదీత్తే రెండోది తిండి మానేత్తాది." నేను బుట్ట అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆయన బుట్టలోకి చూశాడు, నా మొహం చూశాడు. "రెండూ నానేటి సేసుకుంతాను" అని నా చేతిలో ఒక బన్ను పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పెరట్లో మేతకు రెండు గిన్నెలు పెట్టాం. తరిమితే తప్పించుకోవడానికి చెక్కపెట్టెకు రెండు వైపులా కన్నాలు పెట్టించాం. బొగ్గు తరుముతూనే ఉంది, సున్నం తప్పుకుంటూనే ఉంది, పొద్దెక్కేసరికి రెండూ ఒకే గోనె మీద ఉండేవి. నేను గట్టు మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చూసేదాన్ని. అలా కూర్చోవడం గంప మూయడం కంటే ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ఇవాళ్టికీ ఇంట్లో ఇద్దరు పోట్లాడుకుంటున్నారంటే నేను ముందు మామ్మ ప్రశ్నే వేసుకుంటాను. రక్తం రాకపోతే కదలను. మాటలే మానేస్తే మాత్రం వేరే వైద్యం ఉంది. మొన్న మా కోడళ్లిద్దరూ వారం రోజులు పలకరించుకోకపోతే, చేతికి ఒకే సంచి ఇచ్చి ఒకే ఆటోలో రైతుబజారుకు పంపాను. విశాఖలో సొరంగాలు లేవు గానీ ట్రాఫిక్ ఉంది. గంటన్నర తర్వాత, వంకాయలు ముదురువి తెచ్చింది నువ్వంటే నువ్వని వాదించుకుంటూ మెట్లెక్కి వచ్చారు. సంచికి చెరో చెవీ పట్టుకుని ఉన్నారు.