రాజ్ కుమార్ లాప్‌టాప్‌లో రోశమ్మ పాలు

రాజ్ కుమార్‌కు రాని పని లేదు. ఆ మాట అతనే చెబుతాడు. మార్కాపురంలో డిప్లొమా మధ్యలో వదిలేసి, హైదరాబాదులో ఏదో కోర్సు చేసి, దర్శిలో కంప్యూటర్ దుకాణం పెట్టాడు. చుట్టుపక్కల పాలకేంద్రాలకు సాఫ్ట్‌వేర్ అతనిదే. పని అడిగితే టీ తెప్పిస్తాడు. టీ అయిపోతుంది, మాట అయిపోదు.

ఏ సాఫ్ట్‌వేరునూ ఎవరూ మొదటినుంచి చివరిదాకా తామే రాయరు. పరాయివాళ్ళు రాసిపెట్టిన ముక్కలు తెచ్చుకుంటారు. మనం పిలిచిన చుట్టం మనం పిలవని చుట్టాన్ని వెంటబెట్టుకొచ్చినట్టు, ఆ ముక్కలు ఇంకొన్ని ముక్కలను తెస్తాయి. అలా వచ్చినదే, పాలలో వెన్న శాతం కొలిచే ఫ్యాట్ మిషన్ నుంచి అంకె అందుకునే ముక్క. అందులో ఒక తప్పుంది. మిషన్ కాస్త ఆలస్యంగా జవాబిస్తే, ముందువారి అంకెనే తర్వాతివారికి అంటగడుతుంది.

రాజ్ కుమార్ ఆ తప్పు పట్టుకున్నాడు. ఆ ముక్కను లాప్‌టాప్‌లో దించుకొని సరిచేసి, మళ్ళీ బిల్డ్ చేసి, బయటిది వద్దు, ఇదే వాడమని లాప్‌టాప్‌కు చెప్పాడు. అంతవరకు పనే. ఆ చెప్పడమేదో సాఫ్ట్‌వేరుతో పాటు పోయే ఫైలులో చెప్పాలి, సరిచేసిన ముక్కనూ దానితో పంపాలి. అది మాత్రం చేయలేదు. కేంద్రాల్లోని కంప్యూటర్లు బయటినుంచి ఆ తప్పుల ముక్కనే తెచ్చుకున్నాయి. అతను మాత్రం తన లాప్‌టాప్ తెరిచి అందరికీ చూపిస్తూ తిరిగాడు.

దొనకొండ దగ్గరి పల్లెలో పాలకేంద్రం నడిపేది ఫెబీ. ఒకరోజు పొద్దున కాటమరాజు ఆవుపాలు పోసిపోయాక రోశమ్మ గేదెపాలు పోసింది. ఫ్యాట్ మూడు చూపించింది. అది ఆవుపాలకు వచ్చే అంకె, గేదెపాలకు ఏడు దాకా రావాలి. ఫెబీ అనుమానంతో రాజ్ కుమార్‌కు ఫోను చేసింది. స్పీకరులో, వరుసలో ఉన్న రూతమ్మ వినగా, అతను తీర్పిచ్చేశాడు.

"మిషన్ అబద్ధం చెప్పదక్కా. ఆమె నీళ్ళు కలిపుంటది."

పల్లెలో పాలు పోసే మనిషికి అంతకన్నా పెద్ద తిట్టు లేదు. రోశమ్మ మర్నాడు గేదెనే కేంద్రానికి తోలుకొచ్చింది. కొత్తచోట దూడ లేకుంటే పాలు చేపదని దాన్నీ తెచ్చింది. రాజ్ కుమార్‌నూ పిలిపించింది. అందరి ముందూ పాలు పిండింది.

రాజ్ కుమార్ మిషన్ వైరు తన లాప్‌టాప్‌కు తగిలించాడు. ఏడొచ్చింది.

"చూసినారా? నా సాఫ్ట్‌వేర్ బంగారం. ఇయ్యాల కలపలేదు, ఏడొచ్చింది."

ఫెబీ వైరు పీకి కేంద్రం కంప్యూటరుకే తగిలించింది. కాటమరాజు ఆవుపాలు చూసింది, వెంటనే రోశమ్మ బకెట్లోని పాలు చూసింది. మూడు.

"బర్రె ఈడనే ఉంది అల్లుడా," అంది రోశమ్మ. "దాని పొదుగులో పోసినానా నీళ్ళు?"

"పోసిందేమో, చూడు నాయనా, వంగి చూడు," అంది రూతమ్మ. వరుసంతా నవ్వింది.

రాజ్ కుమార్ కరెంటన్నాడు, వైరస్సన్నాడు, ఎర్తింగన్నాడు.

"నీ దాంట్లో బాగా వచ్చింది కదా తమ్ముడూ ఏడు," అంది ఫెబీ. "నీ దాంట్లో ఉండేది దీంట్లో ఎందుకు లేదు?"

అప్పుడు నోరు మూసుకొని రెండు తెరలూ పక్కపక్కన పెట్టి చూశాడు. సరిచేసిన ముక్కను కంప్యూటరులోకి కాపీ చేసి, దాన్నే వాడమని ఫైలులో ఒక్క లైను రాశాడు. టీ చల్లారేలోపు అయిపోయింది. కాటమరాజు పాల వెనకే రోశమ్మ పాలు మళ్ళీ చూశారు. ఏడు.

వెంటనే నోరు తిరిగి తెరుచుకుంది. "ఇది డిపెండెన్సీ ఇష్యూ అత్తా, లోపల వర్షన్ ఏందంటే..."

"ఆ కత నాకొద్దు. నీళ్ళు కలిపిందని రూతమ్మ ఇనంగా అన్నావు. రూతమ్మ ఈడనే ఉంది."

"కలపలేదు."

"ఎవురు?"

"రోశమ్మత్త నీళ్ళు కలపలేదు."

ఆ పూట అతను మాట్లాడినదాంట్లో పనికొచ్చిన మాట అదొక్కటే. రోశమ్మ బకెట్ ఎత్తి పాలు క్యాన్‌లో వంచింది. గేదెను, దూడను తోలుకొని ఇంటికి పోయింది.